వీరయ్యగారి స్విమ్మింగ్ పూల్లో ఆరిపోయే లైట్లు

స్విమ్మింగ్ పూల్ లైట్లు బాగుచేయడం కూడా ఒక వృత్తేనా అని మా దర్శిలో ఇప్పటికీ నవ్వుతారు. తాగేనీళ్ళ ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టే ఊరు మాది. అక్కణ్ణుంచి వచ్చినవాడు జీవితమంతా ఈతకొలనుల్లో దీపాలు మార్చి రిటైరయ్యాడంటే నవ్వరూ మరి! నా పేరు ప్రకాశం. మాది ప్రకాశం జిల్లా. చేసేది లైట్ల పని. ఈ మూడూ వరసగా చెబితే చాలామంది నేను వేళాకోళం ఆడుతున్నాననుకునేవాళ్ళు.

తొంభైల చివర్లో గుంటూరు వచ్చి మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో మోటార్లు, ప్యానెల్ బోర్డులు చూసేవాణ్ణి. కొన్నేళ్ళకి హోటళ్ళలో, ఫంక్షన్ హాళ్ళలో, బాగా సంపాదించినవాళ్ళ ఇళ్ళలో స్విమ్మింగ్ పూళ్ళు మొదలయ్యాయి. వాటి సామాను అమ్మే సాంబశివరావుగారి దగ్గర చేరాను. చివరిదాకా అక్కడే ఉన్నాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నన్ను మీటర్ల గురించి, కనెక్షన్ల గురించి అడుగుతుంటారు. అవన్నీ లైటు డబ్బాలో పెట్టిన కాగితం మీదే ఉంటాయి. దాని మీద లేని సంగతి ఒకటి చెబుతాను.

చూసుకునే నీళ్ళు

ముందుగా ఒకటి తెలుసుకోండి. ఆ రోజుల్లో మా వైపు స్విమ్మింగ్ పూల్ ఈత కోసం కట్టించుకునేది కాదు. చూసుకోవడానికి, చూపించుకోవడానికి. సాయంత్రం బంధువులొస్తే ఒడ్డున కుర్చీలేసి, నీళ్ళలో లైట్లు వెలిగిస్తే, నీలంగా మెరిసే నీళ్ళకేసి చూస్తూ పకోడీలు తినేవాళ్ళు. అందులో మనిషి దిగడం నేను చూసింది చాలా తక్కువ. దిగితే ఆ మనిషి నేనే అయ్యుండేవాణ్ణి. అందుకే లైటు పోతే ఇంటాయనకి పూల్ పోయినట్టే.

మా సాంబశివరావుగారికి నీళ్ళంటే భయం. పూల్ అమ్మడానికి వెళ్ళినా గట్టుకి రెండు గజాల దూరంలో నిలబడే మాట్లాడేవారు. మంచి మనిషి. పండక్కి బట్టలు పెట్టేవారు, జ్వరమొస్తే ఇంటికొచ్చి చూసేవారు. కానీ ఆయన సిద్ధాంతం ఒకటుండేది. "లైటు పోతే మార్చు ప్రకాశం. ఎందుకు పోయిందో కనిపెట్టబోకు. కనిపెడితే మళ్ళీ పోదు. మళ్ళీ పోకపోతే మనమెందుకు?" అనేవారు.

రెండువేలు దాటిన నాలుగైదేళ్ళకి ఎల్ఈడీ లైట్లు వచ్చాయి. అంతకుముందు వాడిన హాలోజెన్ లైట్లు కరెంటు బాగా తాగేవి, తరచూ మాడిపోయేవి. ఎల్ఈడీ వేస్తే ఏళ్ళతరబడి చూసుకోనక్కర్లేదని కంపెనీవాళ్ళు చెప్పారు. ఆ మాట విని సాంబశివరావుగారు రెండు రోజులు దిగులుపడ్డారు.

ఆయన దిగులు తీర్చింది వీరయ్యగారి పూల్.

వెన్నపూస

వీరయ్యగారు మిర్చి యార్డులో పేరున్న కమీషన్ వ్యాపారి. కాపురం గుంటూరులో. నరసరావుపేట రోడ్డులో సొంత పొలంలో ఒక గెస్టుహౌసు కట్టించి, దాని వెనక స్విమ్మింగ్ పూల్ తవ్వించి, నాలుగు నీలం ఎల్ఈడీ లైట్లు పెట్టించారు. వాళ్ళమ్మ కోటమ్మగారు ఆ గెస్టుహౌసులోనే ఉండేవారు. డెబ్బై దాటిన మనిషి. చుట్టూ ఉన్న మిరప చేలు ఆవిడ అజమాయిషీలో నడిచేవి. ఊళ్ళో ఉండమంటే ఊపిరాడదని ఆవిడ రాలేదు.

ఏడాది తిరక్కుండా, వానాకాలంలో వీరయ్యగారు ఫోన్ చేశారు. "నలుగురిలో పరువు పోయిందయ్యా. స్విచ్చేస్తే ఒక్కటీ వెలగలేదు" అన్నారు.

మామూలుగా ఈ లైటు వెనక, గోడలో చేసిన గూట్లో, తీగ చుట్ట చుట్టి పెడతారు. మర విప్పి లాగితే లైటు తీగతో సహా గట్టు మీదికి వచ్చేస్తుంది. నీళ్ళు తోడక్కర్లేదు. కానీ అక్కడ కట్టిన కాంట్రాక్టరు మిగిలిన తీగ కోసుకుపోయి ఇంకెక్కడో వాడుకున్నాడు. చేసేది లేక నేనే నీళ్ళలో దిగాను.

దిగిన కాసేపటికి తొడలు మండాయి. తరవాత చంకలు. మొహం కడుక్కుంటే కళ్ళు. బ్లీచింగ్ ఎక్కువ కలిపారనుకుని పళ్ళు బిగపట్టి లైట్లు విప్పాను. నాలుగింట్లోనూ నీళ్ళు చేరాయి. గాజు చుట్టూ ఉండే రబ్బరు రింగులు అప్పడాల్లా బిరుసెక్కి విరిగిపోతున్నాయి. ఇదీ బ్లీచింగ్ పనే అనుకున్నాను.

పైకి రాగానే కోటమ్మగారు గిన్నెలో వెన్నపూస పట్టుకుని నిలబడి ఉన్నారు. "రాసుకో అబ్బాయ్. చల్లబడుద్ది" అన్నారు. నాకు మంటగా ఉందని నేను ఎవరితోనూ అనలేదు. పెద్దావిడ, మొహం చూసి కనిపెట్టిందిలే అనుకున్నాను.

గుమ్మడికాయ

మరుసటేడు వానాకాలంలో మళ్ళీ అదే ఫోను. అవే నాలుగు లైట్లు. ఈసారి విప్పి చూస్తే లోపల పోసిన తెల్లటి జిగురు మాడిన పెసరట్టు రంగులో ఉంది. నీళ్ళలో ఉండే లైటు అలా మాడాలంటే మామూలు విషయం కాదు. ఓల్టేజి హెచ్చుతగ్గులని అనుమానించి, మీటరు పెట్టి రోజంతా కూర్చున్నాను. ఏ తేడా లేదు. గూట్లో నాలుగైదు మిరప గింజలు దొరికాయి గానీ, గుంటూరులో మిరప గింజ దొరకని చోటు లేదు. నా చొక్కా జేబులో కూడా ఉండేవి.

నేను ఆలోచిస్తుండగానే వీరయ్యగారు వాస్తు సిద్ధాంతిని తీసుకొచ్చారు. ఆయన గట్టు చుట్టూ ఒకసారి తిరిగి, "నీళ్ళలో నిప్పు పెట్టారు. నీళ్ళు ఊరుకుంటాయా?" అని, పూల్ మీదుగా తాడు కట్టించి దిష్టి గుమ్మడికాయ వేలాడదీయించారు. పది రోజులకి అది కుళ్ళి నీళ్ళలో పడి, వడపోత గొట్టంలో ఇరుక్కుంది. దాన్ని తీయడానికి కూడా నన్నే పిలిచారు. స్విమ్మింగ్ పూల్ గొట్టంలోంచి గుమ్మడికాయ తీసిన ఎలక్ట్రీషియన్ ఈ జిల్లాలో నేనొక్కణ్ణేనని నా నమ్మకం.

ఆ రోజు కోటమ్మగారు నన్ను పక్కకి పిలిచారు.

"ఈసారి నీలం వద్దయ్యా. తెల్లయి పెట్టు."

"నీళ్ళలో నీలమే అందం మామ్మగారూ."

"అందం నాకెందుకు? ఆ నీలం దీపంలో ఎరుపు నల్లగా కనపడతంది."

ఆవిడకి శుక్లాలు ముదిరాయని నాకు జాలేసింది. మా చర్చి తరఫున కంటి వైద్య శిబిరం జరుగుతోందని, వస్తే దగ్గరుండి చూపిస్తానని చెప్పాను. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, "సరేలే" అని లోపలికి వెళ్ళిపోయారు.

కళ్లం

మూడో ఏడు ఫోను వానాకాలంలో రాలేదు. ఏప్రిల్లో, మిర్చి సీజను మంచి ఊపులో ఉండగా వచ్చింది. విశాఖపట్నం నుంచి ఒక ఎగుమతి వ్యాపారి కుటుంబంతో వస్తున్నాడట. ఆయనతో ఒప్పందం కుదిరితే వీరయ్యగారికి ఇక తిరుగుండదట. "ఆదివారం సాయంత్రం మన గెస్టుహౌసులో విందు. శనివారం వెళ్ళి లైట్లు చూడు" అన్నారు. పని చాలకపోతే ఇబ్బందని నేను శుక్రవారమే కొత్త లైట్లు తీసుకుని వెళ్ళాను.

గేటు దాటగానే వరసగా తుమ్ములు వచ్చాయి. ఇంటి వెనక్కి వెళ్ళి చూద్దును కదా, పూల్లో చుక్క నీరు లేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఎర్రటి మిరపకాయలు ఎండుతున్నాయి. లోతు ఎక్కువున్న వైపు ఆరేడుగురు ఆడవాళ్ళు బాసింపట్లు వేసుకుని, రంగు పోయిన తాలుకాయ ఏరుతున్నారు. లోతు తక్కువున్న వైపు మెట్ల మీద కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని కోటమ్మగారు కూర్చున్నారు.

"ఏంటి మామ్మగారూ ఇది?"

"కనపట్టంలా? కళ్లం."

"ఇది స్విమ్మింగ్ పూల్ కదండీ!"

"నీళ్ళుంటే నువ్వన్నది. లేకపోతే కళ్లమే" అన్నారావిడ ఏమాత్రం తొణక్కుండా. "నేను కాపరానికొచ్చిన కాణ్ణుంచి మట్టి కళ్లంలోనే కాయ ఎండబెట్టానయ్యా. మేకలొచ్చి తొక్కేయి. గాలొస్తే దుమ్ము. మబ్బేస్తే పట్టాలెత్తుకుని పరుగులు. మావాడు ఇంత నున్నటి గచ్చేయించాడు, చుట్టూ గోడ కట్టించాడు, వాన పడితే నీళ్ళు పోడానికి తూము పెట్టించాడు. ఇన్ని చేసి అందులో నీళ్ళు పోస్తాడంట నీళ్ళు!"

"వీరయ్యగారికి తెలుసా?"

"సీజన్లో వాడికి యార్డు తప్ప లోకం లేదు. ఇటెందుకొస్తాడు? వానలు పడ్డాక వస్తాడు. అప్పటికి కడిగించి నీళ్ళు పట్టించేస్తాను."

పొద్దుగూకాక కూడా ఓ గంటసేపు పని సాగడానికి ఆవిడ ఆ లైట్లే వేయించేవారు. ఇక నాకు అన్నీ అర్థమయ్యాయి. నీళ్ళలో ఉండాల్సిన లైటుకి ఆ నీళ్ళే ఫ్యాను లాంటివి. వట్టి గోడలో, ఎండకి కాగిన గచ్చులో, మిరపకాయల కింద వెలిగిస్తే తన వేడికి తనే ఉడికిపోతుంది. రింగులు బిరుసెక్కుతాయి. నీళ్ళు పట్టగానే లోపలికి కారతాయి. వెన్నపూస ఎందుకిచ్చారో తెలిసింది. నీలం వెలుగులో ఎరుపు నల్లగా కనపడితే తాలుకాయ ఏరడం ఎవరి తరమూ కాదనీ తెలిసింది. ఆవిడ కళ్ళు నా కళ్ళకన్నా బాగున్నాయి.

నవ్వబోయాను. అప్పుడు కనపడ్డాయి గోడ గూళ్ళలో లైట్లు. అవి నేను పెట్టినవి కాదు. పెళ్ళి పందిళ్ళకి కట్టే పెద్ద తెల్ల లైట్లు.

"ఇవెవరు పెట్టారు?"

"మోటార్లు చూసే మేస్త్రి. నువ్వు తెల్లయి పెట్టలేదుగా" అన్నారు కోటమ్మగారు.

ఏరుతున్నవాళ్ళలో మరియమ్మ అనే ఆవిడ తలెత్తింది. "మొదట్లో ఇబ్బందిగా ఉండేదయ్యా. బస్తాలకెత్తే ముందు కాయ విరక్కుండా నీళ్ళు చిలకరిస్తాం గదా, అప్పుడల్లా ఆ స్విచ్చి పడిపోయేది. మేస్త్రి దాన్ని తాడేసి కట్టేశాక బానే ఉంది. కాకపోతే కాళ్ళు కాస్త జివ్వుమంటన్నాయి. కాయ ఘాటులే అనుకుంటన్నాం."

నేను పరుగెత్తాను. మోటారు గదిలోకి వెళ్ళి మెయిన్ ఆపేశాను. పూల్ లైట్లకి పన్నెండు ఓల్టులే ఇస్తాం, మనిషికి ప్రమాదం లేకుండా. దానికోసం పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ అక్కడ లేదు. మేస్త్రి దాన్ని పీకేసి, ఇంట్లోకొచ్చే కరెంటుని నేరుగా గోడ గూళ్ళలోకి పంపాడు. కరెంటు పక్కదారి పడితే పడిపోవాల్సిన ట్రిప్ స్విచ్చిని గోతాలు కుట్టే పురికొసతో లేచి ఉండేట్టు బిగించి కట్టాడు. ఆ స్విచ్చి పడిపోయిన ప్రతిసారీ ఒక మనిషిని కాపాడింది. అందుకు దానికి దక్కిన మర్యాద అది.

తిరిగొచ్చి కోటమ్మగారికి చెప్పాను. మరియమ్మ కాళ్ళు జివ్వుమన్నది మిరపకాయ వల్ల కాదని, చిలకరించిన నీళ్ళు ఇంకాస్త ఎక్కువై ఉంటే ఆ గుంటలో ఎవరూ మిగిలేవాళ్ళు కాదని చెప్పాను. ఆవిడ చేతిలో గొడుగు పక్కకి ఒరిగిపోయింది.

"లేవండే, లేవండి. బయటికి రండి" అని అరిచారు. అందరూ మెట్లెక్కి వచ్చేదాకా ఒక్కొక్కరి భుజం పట్టుకుని లెక్కపెట్టుకున్నట్టు చూశారు. తరవాత మెట్టు మీద కూలబడి, "చంపేసేదాన్నిగా వీళ్ళని" అన్నారు.

తేరుకున్నాక అడిగారు. "మావాడికి చెప్పబోకయ్యా. చెబితే తాళమేసి నన్ను ఊళ్ళో మేడ మీద కూర్చోబెడతాడు. కాయ ముట్టుకోకుండా నేను బతకలేను."

ఈ గుంటలోకి మళ్ళీ కరెంటు తీగ రానివ్వనంటే చెప్పనన్నాను. ఆవిడ ఒప్పుకున్నారు. నా కటింగ్ ప్లేయరుతో నాలుగు గూళ్ళ తీగల్నీ కోసి, మోటారు గది దాకా లాగేసి బయట పడేశాను.

ట్రాన్స్‌ఫార్మర్ వంటింట్లో దొరికింది. పండుమిరపకాయ పచ్చడి జాడీ మూత మీద బరువుకి పెట్టారు. ఉప్పు తగిలి తుప్పు పట్టి ఉంది. ఆదివారానికి లైట్లు వెలగవని అక్కడికక్కడే తేలిపోయింది.

సాంబశివరావుగారికి ఫోన్ చేస్తే, "ఏదో ఒకటి వెలిగించి వచ్చేయ్ ప్రకాశం" అన్నారు. వెలిగించనన్నాను. వీరయ్యగారికి చేశాను. లైన్లు పాడయ్యాయని, ప్రమాదమని చెప్పాను. ఆయన నన్ను పదినిమిషాలు తిట్టి, చివరికి, "అయితే గట్టుకి దూరంగా రెండు ఫోకస్ లైట్లు పెట్టు. నువ్వు కూడా అక్కడే ఉండి చావు" అన్నారు.

ఆదివారం

శనివారమంతా కాయ ఎత్తి బస్తాలకెక్కించి, పూల్ హడావిడిగా ఒకసారి కడిగి, బోరు నీళ్ళు పట్టారు. టైల్సు సందుల్లో ఎర్రగా కారం కనపడుతూనే ఉంది.

"నీళ్ళు మండుతాయేమో మామ్మగారూ" అన్నాను.

"దిగేదెవరయ్యా? ఇన్నాళ్ళలో నువ్వు కాక ఎవరన్నా దిగారా?"

నిజమే కదా అనిపించింది. మేమిద్దరం మర్చిపోయిందేమిటంటే, వచ్చేవాళ్ళది విశాఖపట్నం. సముద్రం పక్కన పెరిగిన మనుషులు. సాయంత్రం కారు ఆగగానే ఎగుమతిదారు గారు, ఆయన బావమరిది, ఇద్దరు పిల్లలు భుజాన తువ్వాళ్ళు వేసుకుని దిగారు. వీరయ్యగారు పకోడీల పళ్ళెం చూపించేలోపే నలుగురూ నీళ్ళలో దూకేశారు.

కాసేపు కేరింతలు. ఉన్నట్టుండి పెద్దపిల్ల కెవ్వుమంది. ఆ తరవాత బావమరిది, "కరెంటు! నీళ్ళలో కరెంటు!" అని పెడబొబ్బ పెట్టాడు. పిల్లల్ని ఎత్తి గట్టు మీదికి విసిరినంత పని చేసి అందరూ బయటపడ్డారు. ఎగుమతిదారు గారు గచ్చు మీద ఎగురుతున్నారు. వీరయ్యగారు వచ్చి నా చొక్కా పట్టుకున్నారు.

"చంపేద్దామనుకున్నావంట్రా నా చుట్టాల్ని?"

"తీగలే లేవండీ. కోసేశాను. అదిగో చుట్ట" అని చూపించాను. ఎవరూ అటు చూడలేదు. కారం అని చెబితే నేనిచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే నా పని పోతుంది. నాకు తోచింది ఒక్కటే. బట్టలతోనే నీళ్ళలో దూకి, గట్టు పక్కనే నిలబడి, "చూడండి! కరెంటుంటే ఇలా నిలబడతానా?" అన్నాను.

అప్పటికే కళ్ళు మండి ధారగా కారుతున్నాయి. ఒళ్ళు నిలవనీయక గంతులేస్తున్నాను.

"అదుగో, ఎలా కొట్టుకుంటన్నాడో చూడండి!" అన్నాడు బావమరిది. "కర్ర తెండి, కర్రతో లాగండి!" వంటవాడు చపాతీ కర్ర పట్టుకొచ్చి దాంతో నా తల మీద పొడవడం మొదలుపెట్టాడు.

కోటమ్మగారు లోపల్నుంచి వచ్చారు. జనాన్ని తోసుకుని మెట్లు దిగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని నాలిక మీద వేసుకున్నారు.

"కరెంటు కాదురా వీరయ్యా. కాయ. మన కింది చేలోది" అన్నారు. నిలబడినచోటే మొత్తం చెప్పేశారు, కళ్లం సంగతి, లైట్ల సంగతి, మరియమ్మ కాళ్ళ సంగతి. "ఈ అబ్బాయి తీగలు కోసుండకపోతే ఇయ్యాల నీ చుట్టాలు లేచేవాళ్ళు కాదు. ముందు ఇతన్ని పైకి లాగి ఆ చొక్కా సరిజెయ్యి" అన్నారు.

వీరయ్యగారు తల్లివైపు తిరిగారు. "కాయ ఎండబెట్టి ఏం చేశావమ్మా ఇన్నాళ్ళూ?"

"నీ కొట్టుకే తోలాను, పాలేరు పేరున. ఇంత తేమలేని కాయ యార్డు మొత్తంలో చూడలేదని నువ్వేగా మెచ్చుకున్నావంట!"

అప్పుడు ఎగుమతిదారు గారు కదిలారు. కోటమ్మగారు తెప్పించిన వెన్నపూస ఒంటి నిండా పూసుకుని, తువ్వాలు చుట్టుకుని, ఎర్రటి కళ్ళతో ముందుకొచ్చారు. తిడతారనుకున్నాం. "ఆ కాయ ఇంకా ఉందా అమ్మగారూ?" అన్నారు. కోటమ్మగారు మోటారు గదిలోంచి బస్తా తెప్పించారు. ఆయన ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించారు, గింజ గలగలమంది. పుటుక్కున విరిచారు. వాసన చూశారు. తుమ్మారు. ఒప్పందం అక్కడే కుదిరింది.

ఆ తరవాత

ఆ పూల్లో మళ్ళీ నీళ్ళు పట్టలేదు. గూళ్ళన్నీ సిమెంటుతో మూయించి, దూరంగా రెండు ఎత్తయిన స్తంభాలకి తెల్ల లైట్లు పెట్టాను. ట్రిప్ స్విచ్చి ఉన్న పెట్టెకి తాళం వేసి, తాళంచెవి మరియమ్మకిచ్చాను. కాళ్ళు జివ్వుమన్న మనిషికన్నా దాని విలువ తెలిసినవాళ్ళు అక్కడ లేరు.

కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. లైటు పోయిందంటే లైటుని చూడటం అందరూ చేస్తారు. మీరు లేనప్పుడు దాని చుట్టూ ఏం జరుగుతుందో చూడండి. చెప్పకుండా వెళ్ళండి, ఒకరోజు ముందే వెళ్ళండి. ఇంటాయన్ని అడగండి, కానీ ఆ ఇంట్లో పని చేసేవాళ్ళని కూడా అడగండి. ఎవరైనా కాళ్ళు జివ్వుమంటున్నాయంటే నవ్వకండి, మెయిన్ ఆపేయండి. తాడేసి కట్టిన స్విచ్చి ఎక్కడ కనపడినా ఆ తాడు కోసేయండి, మీ ఓనరు ఏమన్నా సరే.

మా ఓనరు మాత్రం దీన్నుంచి వేరే పాఠం నేర్చుకున్నారు. మరుసటేడు సీజనుకి ముందు, వీరయ్యగారి పక్కచేను ఆసామి షాపుకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మాకూ ఒక స్విమ్మింగ్ పూల్ కట్టాలండి. వీరయ్యగారి దానికన్నా రెండింతలుండాలి. నీళ్ళు మాత్రం వద్దు."

నేను నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాను. వెనక సాంబశివరావుగారి గొంతు వినపడుతోంది. అన్నేళ్ళలో ఆయన అంత హుషారుగా మాట్లాడటం నేను వినలేదు.

"అలాగే కట్టిద్దామండి. నీళ్ళు లేకపోతే మరీ మంచిది, కొలతలకి నేనే స్వయంగా లోపలికి దిగుతాను!"